యాప్ చేయాలనుకునే పిల్లలకు నాలుగు ప్రశ్నలు

గత ఏడాది నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. గూడూరు నిమ్మ మార్కెట్ ధర ఏ రోజుకారోజు రైతు ఫోన్‌లో కనిపించేలా యాప్ చేయాలని వాడి కోరిక. "ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ ఒకేసారి చేసే కోర్సు ఉందంట సార్. ఫీజుకు నాన్న అప్పు తెస్తానంటున్నాడు. చేరమంటారా?" అని అడిగాడు. వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

ఆండ్రాయిడ్ యాప్‌ను కోట్లిన్‌లో గాని జావాలో గాని రాస్తారు. ఐఫోన్‌కైతే ఎక్కువగా స్విఫ్ట్‌లో రాస్తారు. అంటే ఒకే పనికి రెండు రాతలు. ఒక్కసారి రాసి రెండింటిలోనూ నడిపించే సాధనాలనే క్రాస్ ప్లాట్‌ఫారం ఫ్రేమ్‌వర్కులు అంటారు.

వాటిలో ముఖ్యమైనవి రెండు. ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసిన రియాక్ట్ నేటివ్ జావాస్క్రిప్ట్‌తో నడుస్తుంది. ఆయా ఫోన్లలో ముందే ఉన్న బటన్లనే వాడుకుంటుంది. గూగుల్ వారి ఫ్లట్టర్ మొదటి స్థిరమైన కూర్పు 2018 డిసెంబరులో వచ్చింది. దాని భాష డార్ట్. తెరంతా తానే గీస్తుంది కనుక రెండు ఫోన్లలోనూ ఒకేలా కనిపిస్తుంది. రెండూ ఉచితమే.

ఏది ఎంచుకోవాలి? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. వాడేది ఎవరు? అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే కోట్లిన్ ఒక్కటీ చాలు. ధరల పట్టిక చూపడమే పనైతే వెబ్ పేజీ కూడా చాలు.

2. మీకు ఏమి వచ్చు? జావాస్క్రిప్ట్ వచ్చినవారికి రియాక్ట్ నేటివ్ దగ్గర దారి. కొత్తగా మొదలుపెట్టేవారు ఫ్లట్టర్ కూడా చూడవచ్చు.

3. ఖర్చు ఎంత? ఏ ఫ్రేమ్‌వర్కులో రాసినా ఐఫోన్ యాప్‌ను తయారుచేసి పంపడానికి మ్యాక్ కంప్యూటర్ కావాలి, సొంతమైనా అద్దెదైనా. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు.

4. రేపు దాన్ని చూసుకునేది ఎవరు? ఒకప్పుడు బాగా పేరున్న జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో మద్దతు ఆపేసింది. అడోబీ తన ఫోన్‌గ్యాప్‌ను 2020లోనే ముగించింది. సాధనాలు వస్తాయి, పోతాయి. ప్రోగ్రామింగ్ పునాది గట్టిగా ఉన్నవాడు కొత్తదానికి త్వరగా మారగలడు.

మొదటి ప్రశ్నకు జవాబు వెతకమని వాడిని మార్కెట్‌కు పంపాను. వారం తర్వాత నోటుపుస్తకంతో వచ్చాడు. అడిగిన వాళ్లలో ఐఫోన్ ఉన్నది ఒక్క కమీషన్ వ్యాపారికేనట! ఆ ధర రైతు అడిగి తెలుసుకునేది కూడా ఆయన దగ్గరేనట. వాడు ఆ కోర్సులో చేరలేదు, వాళ్ల నాన్న అప్పు చేయలేదు. మొదట ఒక చిన్న వెబ్ పేజీ చేశాడు. ఇప్పుడు కోట్లిన్ నేర్చుకుంటున్నాడు.

పిల్లలారా, ఫీజు కట్టే ముందు ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద రాయండి. తల్లిదండ్రులారా, ఆ కాగితం చూశాకే డబ్బు తీయండి.