మానై వంగుతుందా? – మలి వయసులో కొత్త విద్యలు

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత మన ఇళ్లలో రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. పిల్లవాడు చెప్పిన మాట విననప్పుడు ఒకసారి. అరవై దాటిన పెద్దాయన ఈత నేర్చుకుంటానన్నప్పుడో, డెబ్బై దగ్గరపడిన నానీ అక్షరాలు దిద్దుతానన్నప్పుడో మరోసారి. పిల్లల నడవడి గురించి ఆ సామెత చెప్పింది నిజమే కావచ్చు. పెద్దవాళ్ల నేర్పు గురించి అది చెప్పేది నిజం కాదని ఈ వ్యాసంలో చూపదలచుకున్నాం. దాతలైన మీకు ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో చివరికి తెలుస్తుంది.

అవసరమైతే అందరూ నేర్చుకుంటున్నారు

ముందు మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్నే చూద్దాం. ఈ మెట్ట పొలాల్లో ఒకప్పుడు తాతలు జొన్న, కంది పండించారు. వాళ్ల వారసులు పత్తికి, మిర్చికి మారారు. యాభై దాటిన రైతులు కూడా కొత్త విత్తనాలు, కొత్త మందులు, డ్రిప్పు పైపుల సంగతి నేర్చుకున్నారు. బజారులో కిరాణా కొట్టు పెద్దాయన నలభై ఏళ్లు చేతి లెక్క మీద వ్యాపారం చేశారు. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట పెట్టి, డబ్బు పడిందో లేదో ఫోన్లో చూసుకుంటున్నారు. వీళ్లెవరినీ "ఈ వయసులో మీకెందుకు?" అని ఎవరూ అడగలేదు.

హజ్ సంగతి కూడా అంతే. పెన్షన్ సొమ్మో, పొలం అమ్మిన సొమ్మో కూడబెట్టుకుని అరవై దాటాక బయలుదేరే పెద్దలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అప్పటివరకు విమానం ఎక్కనివారు, భాష తెలియని దేశంలో లక్షల మంది మధ్య దారి చూసుకుంటారు. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడిచే సయీ ఒక్కటే మూడు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దానికోసం కొన్ని నెలల ముందు నుంచే ఫజ్ర్ నమాజు తర్వాత నడక సాధన చేస్తారు. మోకాళ్ల నొప్పులున్నా చేస్తారు. తిరిగి వచ్చాక ఆ నడక మానేస్తారు. పని పూర్తయింది కదా, ఇంకెందుకు అనుకుంటారు.

అంటే పెద్దవాళ్లకు నేర్చుకునే శక్తి లేదన్న మాట నిజం కాదు. బతుకుతెరువు కోసమో, విధి నిర్వహణ కోసమో నేర్చుకుంటే మెచ్చుకుంటాం. మనసుకు నచ్చి నేర్చుకుంటానంటే నవ్వుతాం. ఎక్కువమందిని ఆపేది ఆ నవ్వే.

తెలిసిన ఉదాహరణలు

కాకినాడ జిల్లా సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంకకు మన దేశానికి మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, దాదాపు 14 గంటలు. అక్కడితో ఆగలేదు. యాభై దాటాక విశాఖపట్నం నుంచి కాకినాడ వరకు 150 కిలోమీటర్ల సముద్రాన్ని కొన్ని రోజుల పాటు ఈది, 2025 జనవరి తొలి వారంలో ఒడ్డుకు చేరారు. అందరూ సముద్రం ఈదాలని మేము చెప్పడం లేదు. ఆమె కూడా ఒకప్పుడు ఈత కొలనులో మొదటి పాఠం దగ్గర నిలబడినవారే. గమనించవలసింది ఆ సంగతి.

తెనాలి ప్రాంతపు మస్తానమ్మ పేరు చాలామందికి తెలుసు. పొలం గట్టున కట్టెల పొయ్యి మీద ఆమె చేసిన వంటలను మనవడి వరస కుర్రవాడు వీడియో తీసి 2016 నుంచి యూట్యూబులో పెట్టాడు. అప్పటికి ఆమెకు నూరేళ్లు దాటాయని ఇంటివారు చెప్పారు. 2018 డిసెంబరులో కన్నుమూసే నాటికి లక్షలాది మంది ఆమె వంటను చూశారు. వంట ఆమెకు పాతదే. కెమెరా ముందు కూర్చుని లోకంతో మాట్లాడటం మాత్రం కొత్తది.

పాత కాలానికి వెళితే, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య సుమారు యాభై ఏళ్ల వయసులో 1830 మే నెలలో కాశీకి బయలుదేరారు. రైళ్లు లేని రోజులు. పదిహేను నెలలకు పైగా ప్రయాణం చేసి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో చూసిన ఊళ్లు, ధరలు, మనుషుల అలవాట్లు రాసుకుంటూ వెళ్లారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది.

అంతకు రెండున్నర శతాబ్దాల ముందు అక్బర్ మేనత్త గుల్బదన్ బేగం 1576లో సూరత్ నుంచి హజ్‌కు ఓడ ఎక్కారు. అప్పటికి ఆమెకు సుమారు 53 ఏళ్లు. అరేబియాలో మూడేళ్లకు పైగా ఉన్నారు. తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని చాలా కాలం అక్కడే చిక్కుకుపోయారు. 1582లో ఇల్లు చేరారు. ఆ తర్వాత, అరవై దాటాక, అక్బర్ కోరిక మీద తన అన్న హుమాయూన్ కాలపు జ్ఞాపకాలను రాశారు. ఆ 'హుమాయూన్ నామా' నేటికీ చరిత్రకారులకు ఆధారంగా ఉంది. పెద్ద వయసులో ఒక ప్రయాణం, ఆపైన ఒక పుస్తకం!

ఇది రాజకుటుంబం కథ కదా అనవచ్చు. అందుకే కేరళకు చెందిన కార్త్యాయని అమ్మను కూడా గుర్తు చేస్తున్నాం. ఇళ్లలో, గుడుల్లో ఊడ్చే పని చేసుకుని బతికిన ఆమె 2018లో, 96 ఏళ్ల వయసులో, అక్షరాస్యతా పరీక్ష రాసి 100కు 98 మార్కులు తెచ్చుకున్నారు.

శాస్త్రం చెప్పేది

అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం, డాలస్‌లో డెనిస్ పార్క్ బృందం చేసిన ఒక పరిశీలన మనకు బాగా పనికొస్తుంది. 60 నుంచి 90 ఏళ్ల మధ్య వయసు వారిని కొన్ని జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు డిజిటల్ ఫోటోలు తీయడం, ఇంకో జట్టుకు బొంతలు కుట్టడం, మరో జట్టుకు రెండూ నేర్పారు. వేరొక జట్టువారు కూడా కలిసి కూర్చుని కబుర్లు, ఆటలు, విహారాలతో గడిపారు కానీ కొత్త విద్య ఏదీ నేర్చుకోలేదు. వారానికి 15 గంటలకు పైగా, మూడు నెలల పాటు ఇది సాగింది. కొత్తది కష్టపడి నేర్చుకున్నవారికి జ్ఞాపకశక్తి మెరుగుపడింది. కాలక్షేపం మాత్రమే చేసినవారిలో అంత మెరుగు కనిపించలేదు.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. నలభై ఏళ్లుగా బొంతలు కుడుతున్న మన నానీకి బొంత కొత్త కాదు. ఆమె చేతికి ఫోన్ కెమెరా ఇవ్వాలి. జీవితమంతా లెక్కలు రాసిన గుమాస్తాకు ఇంకో లెక్క పుస్తకం ఇస్తే లాభం తక్కువ. ఆయనకు కుండీలో మొక్కలు పెంచడమో, ఉర్దూ అక్షరాలను అందంగా రాసే ఖత్తాతీయో నేర్పాలి. తెలిసిన పని విశ్రాంతినిస్తుంది. తెలియని పని మెదడుకు పని చెబుతుంది.

శరీరం విషయానికొస్తే, 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన, కండరాలకు బలమిచ్చే సాధన వారానికి కనీసం మూడు రోజులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మతిమరుపు జబ్బు గురించి లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలను ఎత్తి చూపింది. అవన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చనో, వాయిదా వేయవచ్చనో అంచనా వేసింది. ఆ జాబితాలో బీపీ, షుగరుతో పాటు ఒంటరితనం, కదలిక లేకపోవడం, సరిచేయని చెవుడు, చూపు లోపం కూడా ఉన్నాయి.

అడ్డంకి ఎక్కడుంది?

కొట్టు కొడుక్కి అప్పగించిన అబ్బాజాన్ పొద్దున్నే అదే కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటారు. పిల్లలు హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్లిపోయిన ఇంట్లో అమ్మీ ఒక్కతే ఉంటుంది. ఇద్దరికీ మందులు వేళకు అందుతాయి. పండక్కి కొత్త బట్టలు వస్తాయి. వాళ్లకు లేనిది రేపు లేచి చేయవలసిన పని.

కొత్తది మొదలుపెట్టబోతే రెండు మాటలు అడ్డొస్తాయి. "పడితే ఎవరు చూస్తారు?" అనేది ఒకటి, "నలుగురూ ఏమనుకుంటారు?" అనేది రెండవది. మొదటి మాటలో న్యాయం ఉంది, దానికి జాగ్రత్తలు ఉన్నాయి. రెండవ దానికి మందు తోడు. ఒక్కరు వెళితే వింత, పదిమంది వెళితే అలవాటు. ఆడవారికి ఈ రెండవ మాట మరింత గట్టిగా తగులుతుంది. వారికి వేరే సమయం, నేర్పడానికి ఒక మహిళ, గౌరవంగా కూర్చునే చోటు ఉంటే సగం భయం పోతుంది.

మొదలుపెట్టే పద్ధతి

1. ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. బీపీ, షుగరు, గుండె, కంటిచూపు, చెవి పరీక్ష చేయించుకోవాలి. ఏ పని మొదలుపెట్టబోతున్నారో చెప్పి సలహా అడగాలి.

2. ఒక్క విద్యనే ఎంచుకోవాలి. మూడు నెలలు విడవకుండా చేయాలి. నచ్చకపోతే అప్పుడు మార్చుకోవచ్చు.

3. తోడు లేకుండా సాహసం వద్దు. నడకైనా, కొండ ఎక్కడమైనా కనీసం ముగ్గురు కలిసి వెళ్లాలి. షుగరు మందులు వాడేవారు జేబులో తీపి ఏదైనా ఉంచుకోవాలి. గుండెలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే ఆగిపోయి వైద్యుడిని చూడాలి.

4. చెప్పులతో కొండ ఎక్కవద్దు. పట్టున్న బూట్లు, చేతికర్ర, నీళ్ల సీసా ఉండాలి. మన ప్రాంతపు ఎండలు అందరికీ తెలిసినవే. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కక ముందే ఇల్లు చేరాలి.

5. ఈత శిక్షకుడున్న కొలనులోనే నేర్చుకోవాలి. మున్నేరులో, ముక్త్యాల దగ్గర కృష్ణలో సరదాకు దిగవద్దు. 2023 జూలైలో ఐతవరం దగ్గర మున్నేరు నీరు జాతీయ రహదారి మీదకే వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఆ నీటి తీరు వయసులో ఉన్నవారికే అంతుపట్టదు.

చూడవలసినవి దూరంగా కూడా లేవు. జగ్గయ్యపేటలోనే ధనంబోడు మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం ఉంది. ఊళ్లో పుట్టి పెరిగి ఆ గుట్ట ఎక్కనివారు ఎందరో! నందిగామ నుంచి విజయవాడ దారిలో కొండపల్లి ఉంది. రెడ్డి రాజులు కట్టించగా తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చిన కోట కొండ మీద, తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసే కళాకారులు కింద ఊళ్లో. ఒక్కరోజులో కోట చూసి, బొమ్మకు రంగు వేయడం ఎలాగో అడిగి తెలుసుకుని రావచ్చు.

దాతలకు మా విన్నపం

జకాత్ ఎవరికి చెందాలో నిర్ణయమై ఉంది. ఆ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఇటు మళ్లించమని మేము అడగడం లేదు. రేషను, చదువు, వైద్యం ముందు, ఇది తర్వాత. అయితే సాధారణ విరాళాల్లో చిన్న భాగం పెద్దల కోసం కేటాయిస్తే చాలా పని జరుగుతుంది. సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గది, ఎత్తు సరిపోయే కుర్చీలు, పెద్ద అక్షరాల వాచకాలు, నాలుగు కుండీలు, వాడిన ఫోన్లు రెండు మూడు, నెలకొకసారి ప్రయాణానికి ఒక వాహనం. ఇవే ముఖ్యమైన ఖర్చులు. కళ్లజోడు, చెవి యంత్రం కూడా ఇందులో చేర్చాలి. అక్షరం కనబడనివారికి, మాట వినబడనివారికి ఏ విద్యా అబ్బదు.

డబ్బు కన్నా విలువైన విరాళం ఇంకొకటి ఉంది. ఈ సంచికను చదివే దాతల్లో అరవై దాటినవారు తక్కువేమీ కాదు. మీలో ఒక్కరు వచ్చి, తమకు రాని విద్య దగ్గర అందరితో పాటు మొదటి బెంచీలో కూర్చుంటే, గదికి ఇచ్చిన విరాళం కన్నా అది ఎక్కువ మందిని లోపలికి తెస్తుంది. ఊళ్లో పేరున్న పెద్దమనిషి తప్పులతో అక్షరాలు దిద్దుతుంటే, బయట నిలబడి సంకోచించేవారికి ఇక సిగ్గెందుకు?

ఇంట్లోవారికీ ఒక మాట. ఈసారి అబ్బాజాన్ కొత్త సంగతి ఏదైనా ఎత్తితే "ఇప్పుడెందుకు?" అనకండి. "ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడగండి. మొదటి రోజు వెంట వెళ్లి రండి.