త్రోవలో ఒక భాగము మూతపడినపుడు



మన తరగతిగదిలో నలుగురు కూర్చుండదగిన బల్ల యొకటి కలదు. దాని రెండవ స్థానమున పలక విరిగినందున బల్లనంతయు మూలకు నెట్టివేసితిమి. కొన్నాళ్లు బాలురు నేలమీద కూర్చుండి వ్రాసికొనిరి. "అయ్యా, విరిగినది ఒక్క చోటే గదా! తక్కిన మూడు చోట్ల మేము కూర్చుండరాదా?" అని వారిలో నొకడు నన్నడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. వై-ఫై యంత్రములకు నియమము లేర్పరచు శాస్త్రజ్ఞులును ఇట్టి ప్రశ్ననే వేసికొనిరి. వారు కనుగొనిన యుత్తరమే నేటి పాఠము.

1. త్రోవ యనగా నేమి?

వై-ఫై యంత్రములు రేడియో తరంగముల మూలమున సమాచారమును పంపును. అందుకు కొంత వెడల్పుగల త్రోవ కావలయును. దీనినే ఛానలందురు. వెడల్పును మెగాహెర్ట్జులలో కొలుతురు. సామాన్యముగా చిన్నత్రోవ వెడల్పు 20 మెగాహెర్ట్జులు. త్రోవ వెడల్పైన కొలది ఒక్క క్షణమున నెక్కువ సమాచారము పోవును. అందుచే ప్రక్కప్రక్కనున్న త్రోవలను కలిపి వాడు పద్ధతి యేర్పడినది. 2009 నాటి ప్రమాణము 40 మెగాహెర్ట్జుల వరకును, 2013 నాటిది 160 వరకును, 2024లో ఆమోదము పొందిన 802.11 బి.ఇ. అను ప్రమాణము 320 వరకును కలుపుకొననిచ్చును. ఈ కడపటిదానినే జనులు వై-ఫై 7 అందురు.

2. పాత నియమము

వై-ఫై యంత్రమునకు ఒక మర్యాద కలదు. మాటలాడుటకు ముందు వినవలెను. త్రోవలో మరియొకరి సంకేతము వినబడినచో ఊరకుండవలెను.

36, 40, 44, 48 అను సంఖ్యలుగల నాలుగు చిన్నత్రోవలను కలిపి 80 మెగాహెర్ట్జుల పెద్దత్రోవ చేసితిమనుకొనుడు. వానిలో 36 ముఖ్యత్రోవ. పొరుగింటివారి పాత యంత్రము 40వ త్రోవలో మాటలాడుచున్నది. అపుడు మన యంత్రము పొరుగువారు ముగించువరకు వేచియుండవలెను. లేదా 36వ త్రోవ యొక్కదానిలోనే పంపవలెను. 44, 48 ఖాళీగా నున్నను వానిని వాడరాదు. ఏలయన త్రోవను 20, 40, 80 అని మెట్లు మెట్లుగా పెంచుటకే వీలుండెను. నడుమ సందు విడుచుటకు వీలు లేకుండెను. మూతపడినది పాతిక, పోగొట్టుకొన్నది ముప్పాతిక.

3. క్రొత్త ఉపాయము

దీనికి ప్రియాంబుల్ పంక్చరింగ్ అని పేరు. ప్రతి సందేశమునకు ముందు ప్రియాంబుల్ అను చిన్న పీఠిక పంపబడును. పీఠికలోని మొదటి భాగము పెద్దత్రోవలోని ప్రతి చిన్నత్రోవలోను విడివిడిగా పంపబడును. దానిని విని ఇతర యంత్రములు ఊరకుండును. క్రొత్త పద్ధతిలో, మూతపడిన చిన్నత్రోవయందు పీఠికను గాని సందేశమును గాని పంపక అచట సందు విడుతురు. సైకిలు చక్రమునకు పడు పంక్చరు తెలియక పడినది. ఇది తెలిసి చేసిన రంధ్రము. అది యెచట నున్నదో పీఠికయే వినువానికి తెలుపును. పై యుదాహరణమున 80లో 20 పోగా 60 మెగాహెర్ట్జులు దక్కును. పాత నియమమున దక్కినదానికి ఇది మూడింతలు.

2021లో ఆమోదము పొందిన వై-ఫై 6 ప్రమాణమున ఈ పద్ధతి ఐచ్ఛికము. పలువురికి ఒకేసారి పంచి పంపు సందేశములకే అది చెల్లును. వై-ఫై 7లో ఒకే యంత్రమునకు పంపు సందేశమునకును చెల్లును. అట్టి సందేశమున 160 మెగాహెర్ట్జులలో 20 గాని 40 గాని విడువవచ్చును. 320లో 40 గాని, 80 గాని, రెండును కలిపి 120 గాని విడువవచ్చును. ముఖ్యత్రోవను మాత్రము ఎన్నడును విడువరాదు. యంత్రము లన్నియు మొదట దానినే వినుచుండును.

ఈ యుపాయమునకును హద్దులు కలవు. మూతపడిన భాగము మనకు రాదు. పాత యంత్రములు ఈ పద్ధతి నెరుగవు. మన తరంగముల యంచులు విడిచిన సందులోనికి చిందకుండ జాగ్రత్తపడవలెను. లేనిచో విడిచియు విడువనట్లే యగును.

4. ఇందువలన మేలేమి?

వేగ మొక్కటే మేలు కాదు. 5600 మొదలు 5650 మెగాహెర్ట్జుల వరకు గల భాగమున, అమెరికా దేశపు కొన్ని విమానాశ్రయములకు చెందిన వాతావరణ రాడారులు పనిచేయుచున్నవి. విమానము దిగువేళ గాలి హఠాత్తుగా మారినచో అపాయము కలుగును. ఆ రాడారులు దానిని ముందుగా కనిపెట్టును. 2009లో పోర్టోరికో ద్వీపమున సాన్ హువాన్ నగరపు రాడారునకు తంతిలేని యంత్రముల సంకేతములు అడ్డువచ్చుచున్నట్లు తెలియవచ్చెను. ఒకరి యింటి సౌకర్యము, విమానములోని వారి ప్రాణములకు సంబంధించిన పనికి అడ్డము వచ్చినదన్నమాట.

రాడారు సంకేతము వినబడినచో ఆ త్రోవను విడిచిపోవలెనని నియమము కలదు. కాని చిన్నభాగముకొరకు పెద్దత్రోవ నంతయు పోగొట్టుకొనవలసివచ్చినచో, నియమమును పాటించుట భారముగా తోచును. రాడారున్న భాగమును మాత్రము విడిచి, చట్టమనుమతించినచోట మిగిలినదానిలో పని సాగించుకొనుటకు క్రొత్త పద్ధతి వీలు కల్పించుచున్నది. ఇతరుల స్థానమును గౌరవించుటవలన మనకు కలుగు నష్టము తగ్గినచో, గౌరవించుట సులభమగును. ఈ యుపాయమునందలి మేలు ఇదియే.

ఆ బాలుని ప్రశ్న విన్న మరునాడే మన బల్లను మూలనుండి తెప్పించితిమి. ఇపుడు దానిపై ముగ్గురు కూర్చుండి వ్రాయుచున్నారు. విరిగినచోట ఎవరును కూర్చుండరు.

అభ్యాసము

1. 160 మెగాహెర్ట్జుల త్రోవలో 40 మూతపడినచో మిగులున దెంత? అది మొత్తములో ఎన్నవ వంతు?

2. పై యుదాహరణమున 40వ త్రోవకు బదులు 48వ త్రోవ మూతపడినచో, పాత నియమమున దక్కున దెంత? క్రొత్త పద్ధతిలో నెంత?

3. సందు ఎచట నున్నదో పీఠిక తెలుపనిచో వినువానికి కలుగు చిక్కేమి?