చిన్న దుకాణమునకు నేల పరచుట

దుకాణము పెట్టదలచినవారు మొదట సరకును గూర్చియు, బీరువాలను గూర్చియు, పేరుపలకను గూర్చియు ఆలోచింతురు. నేలను గూర్చి చివర తలంతురు. కాని దుకాణములో అన్నిటికంటె ఎక్కువ అరుగునది నేలయే. అది క్రుంగినను, పగిలినను బాగుచేయుటకు సరకంతయు బయటపెట్టి తలుపులు మూయవలసివచ్చును. అమ్మకము నిలిచిన దినములలో కూడ అద్దె నిలువదు. విద్యార్థులారా! మీలో కొందరి ఇండ్లలో కిరాణా కొట్లో, కుట్టుపని దుకాణములో, ఫలహారశాలలో ఉండవచ్చును. పెద్దలకు లెక్క వేసి చూపగల వయస్సు మీకు వచ్చినది. కావున తక్కువ వ్యయముతో మన్నికగల నేలను ఎట్లు పరచవలెనో ఇచట వివరింతుము.

1. నేల క్రింది నేల

చంద్రపూరు జిల్లాలో పలుచోట్ల నల్లరేగడి మన్ను గలదు. ఇది వానకాలమున నీరు పీల్చి ఉబ్బును. వేసవిలో ఎండి కుదించుకొని పగుళ్ళు తీయును. దీనిపై నేరుగా పరచిన బండలు ఎంత మంచివైనను ఏడాది తిరుగునప్పటికి ఎగుడు దిగుడగును. ఇది బండ దోషము కాదు, మన్ను స్వభావము.

ఈ స్వభావమును మన పాఠశాల ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. ఎండిన మన్నును మెత్తగా నలిపి సన్నని జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీలలో పోయవలెను. ఒకదానిలో నీటిని, రెండవదానిలో కిరసనాయిలును 100 మిల్లీలీటర్ల గుర్తు వరకు నింపి, బాగుగ కలిపి, 24 గంటలు కదలింపక ఉంచవలెను. కిరసనాయిలులో మన్ను ఉబ్బదు, నీటిలో ఉబ్బును. కిరసనాయిలులోని మన్ను పరిమాణముకంటె నీటిలోని పరిమాణము నూటికి 50 వంతులకు మించి అధికముగా నున్నచో జాగ్రత్త తప్పదు. అట్టిచోట పై మన్నును త్రవ్వి తీసివేసి, మొరము పోసి, నీళ్ళు చల్లుచు, పొరపొరగా దిమ్మిసతో గట్టిపరుపవలెను. ఈ పనికి వెనుదీసి పైబండలకు ధనము పోయుట వివేకము కాదు.

2. పరచు వస్తువులు

మరాఠీలో ఫర్శీ యనునదియే తెలుగులో బండ. చవుకబండలలో పేరుగన్నవి షాబాదు, తాండూరు బండలు. షాబాదు నేడు కర్ణాటకలోను, తాండూరు తెలంగాణలోను గలవు. 1956 వరకు ఈ రెండును, మన రాజురాయును ఒకే హైదరాబాదు రాష్ట్రములో నుండెడివి. కర్నూలు సీమలోని బేతంచెర్ల నాపరాయియు, రాజస్థానములోని కోటా రాయియు ఈ కోవకు చెందినవే. ఇవన్నియు సున్నపురాళ్ళు. మన జిల్లాలోని సిమెంటు కర్మాగారములకు ముడిసరకైనదియు సున్నపురాయియే.

సున్నపురాయి గట్టిది, చల్లనిది, బరువునకు ఓర్చునది. కాని ఆమ్లమునకు ఓర్వదు. రసాయనశాస్త్రములో చదివిన విషయమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు: కాల్షియం కార్బొనేటుపై ఆమ్లము పడినచో బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెలువడును. నిమ్మరసము, చింతపండు పులుసు పడిన నునుపుబండపై మచ్చ యేర్పడుటకు ఇదియే కారణము. కావున ఫలహారశాలలో వంట చేయు మూలకు ఈ బండ తగదు. కిరాణా కొట్టుకు, కుట్టుపని దుకాణమునకు చక్కగా సరిపోవును.

కాల్చిన మట్టి పలకలలో భేదములు గలవు. గోడపలకలు నీటిని ఎక్కువగా పీల్చును, బరువునకు పగులును. చవుకగా దొరకినవని వాటిని నేలకు వాడరాదు. గాజువలె గట్టిపడునట్లు కాల్చిన విట్రిఫైడు పలకలు తమ బరువులో నూటికి అర వంతుకు మించి నీటిని పీల్చవు. కొనునప్పుడు పలక వెనుకవైపున నీటిచుక్క వేసి చూడుడు: వెంటనే ఇంకినచో అది నేలకు పనికిరాదు. మిక్కిలి నునుపైన పలక గుమ్మమువద్ద వానకాలమున జారును. అచట గరుకుపలక వేయవలెను.

అన్నిటికంటె సులభమైనది సిమెంటు గచ్చు. ఇక పాత గచ్చుపై పరచెడి వినైలు తివాచి ఒక్క దినములో పూర్తియగును. కాని క్రింద చెమ్మ యున్నచో పైకి లేచును. కొనుటకు ముందు ప్లాస్టిక్ కాగితమును గచ్చుపై పరచి, నాలుగు అంచులను అంటించి, ఒక దినము తరువాత తీసి చూడుడు. అడుగున నీటిబిందువులు కనబడినచో ఆ ఆలోచన మానుకొనవలెను.

3. లెక్క

దుకాణము 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు అనుకొందము. వైశాల్యము 120 చదరపు అడుగులు. 2 అడుగుల చదరపు బండలు 30 పట్టును. విరుగుటకు పదవవంతు చేర్చి 33 కొనవలెను.

క్రింద 4 అంగుళముల కాంక్రీటు కావలెను. దాని ఘనపరిమాణము 40 ఘనపుటడుగులు. తడిపినప్పుడు కుదించుకొనును గనుక పొడిసరకు 61.6 ఘనపుటడుగులు కావలెను. సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ళలో కలిపినచో సిమెంటు 4.74, ఇసుక 19, కంకర 38 ఘనపుటడుగులు. ఒక బస్తా సిమెంటు సుమారు 1.25 ఘనపుటడుగులు గనుక 4 బస్తాలు చాలును. బండల క్రింద అంగుళము మందమున 1:6 మాలునకు ఒకటిన్నర బస్తా, సందులకు అర బస్తా. మొత్తము 6 బస్తాలు. ఇసుక రెండు పనులకును కలిపి సుమారు 30 ఘనపుటడుగులు. 100 ఘనపుటడుగులు ఒక బ్రాసు గనుక, బ్రాసులో మూడు పదవవంతులు.

ధర విచారించునప్పుడు బండ ధర మాత్రమే అడుగరాదు. రవాణా, దింపుడు కూలి, మేస్త్రి కూలి, నునుపుపట్టు ఖర్చు, దుకాణము మూసిన దినముల నష్టము అన్నియు కూడి చదరపు అడుగునకు ఎంత పడునో చూచిననే నిజమైన చవుక తెలియును.

4. పరచు విధానము

మొదట వీధిమట్టముకంటె నేల ఎత్తుగా నుండునట్లును, తలుపు అడుగున తగులకుండునట్లును మట్టము నిర్ణయింపవలెను. కడుగు నీరు పోవుటకు గుమ్మమువైపు 10 అడుగులకు 1 అంగుళము వాలు చాలును. కాంక్రీటు గట్టిపడిన పిమ్మట నాలుగు మూలల బండలు పెట్టి, దారము కట్టి, రసమట్టముతో సరిచూచుచు తక్కినవి పరచవలెను. బండను తట్టినప్పుడు డొల్లధ్వని వచ్చినచో దానిని లేపి మాలు నింపి మరల పెట్టింపవలెను. ఇది మేస్త్రి ఎదుటనే చూడవలసిన పని.

నీరు కట్టుట మిక్కిలి ముఖ్యము. అంగళ్ళలో దొరకు పొజొలానా సిమెంటులో విద్యుత్కేంద్రముల బొగ్గుబూడిద కలిసియుండును. అది నెమ్మదిగా బలము పొందును గనుక కనీసము 10 దినములు తడిగా నుంచవలెను. చంద్రపూరు ఎండలు ప్రసిద్ధములు. మే నెలలో వేసిన గచ్చు గట్టిపడుటకు ముందే ఎండి బీటలువారును. వానలు వెనుకబడిన తరువాత చలికాలమున పని పెట్టుకొనుట మేలు. తప్పనిచో తడి గోనెపట్టాలు కప్పవలెను.

5. అద్దె దుకాణమైనచో

పరచిన బండ యజమాని ఇంటిదగును. ఖాళీ చేయునాడు వెంట తీసికొనిపోలేము. కావున పనికి ముందే ఖర్చు ఎవరిది, అద్దెలో ఎంత తగ్గింతురు, ఎన్ని యేండ్లు ఉండనిత్తురు అను మూడు విషయములు కాగితముపై వ్రాయించుకొనవలెను. గడువు తక్కువైనచో పాత గచ్చును బాగుచేయించి, మిగిలిన ధనమును సరకులో పెట్టుటయే ఉచితము. నేలకై పెట్టుబడిని కరగించుకొన్న వర్తకుని అందమైన నేల ఆదుకొనలేదు.

అభ్యాసము

1. మీ తరగతి గదిని కొలిచి, 2 అడుగుల చదరపు బండలు ఎన్ని కావలెనో లెక్కింపుడు.
2. మీ ఇంటి పెరటి మన్నును పైన చెప్పిన విధమున పరీక్షించి ఫలితము వ్రాయుడు.
3. నిమ్మకాయ సోడా అమ్ము దుకాణమునకు ఏ నేల తగును? కారణము తెలుపుడు.
4. మూడేండ్ల గడువుగల అద్దె దుకాణమునకు వ్రాయదగిన ఒప్పందమును పది పంక్తులలో కూర్చుడు.