ఐకాన్ నొక్కితే సేజ్‌మ్యాథ్

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో అన్నీ విండోస్ కంప్యూటర్లే. పిల్లలు ఐకాన్ నొక్కగానే సేజ్‌మ్యాథ్ తెరుచుకునేలా పెట్టొచ్చా సార్?
– గణిత అధ్యాపకురాలు, ఆర్మూర్

జవాబు: పెట్టొచ్చు మేడమ్, కాస్త చాకిరీ ఉంది. 2005లో విలియం స్టైన్ మొదలుపెట్టిన ఈ గణిత సాఫ్ట్‌వేర్ సేజ్ ఒక్క ప్రోగ్రామ్ కాదు. మ్యాక్సిమా, గ్యాప్, పారి లాంటి గణిత ప్రోగ్రాములెన్నో కట్టిన మూట. ఆ మూట మొత్తంగా లినక్స్‌కు అలవాటుపడింది కాబట్టి విండోస్‌లో మొరాయిస్తుంది. పాత విండోస్ ఇన్‌స్టాలర్ 9.3 వెర్షన్‌తోనే ఆగిపోయింది, దాని జోలికి పోకండి. విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసి, అందులో సేజ్ ఎక్కించి, బ్రౌజర్‌లో సేజ్ వాడుకునే జూపిటర్ నోట్‌బుక్‌ను తెరిచే కమాండ్‌ను డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లో రాయండి.

డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ వరకే అయితే అసలు సేజ్ దేనికి? ఆ మూటలోని మ్యాక్సిమానే మెనూలు, బటన్లతో వాడుకునే డబ్ల్యూఎక్స్‌మ్యాక్సిమాకు విండోస్ ఇన్‌స్టాలర్ ఉంది; పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నెట్ లేకుండానే ఎక్కించొచ్చు. మీ ల్యాబ్‌కు నా ఓటు దానికే.