చోటు కొలిచి మాట వ్రాయవలెను

మన పిల్లలలో కొందరు పైతరగతులలో ‘సి’ అను కంప్యూటరు భాషను నేర్చుచున్నారు. అందలి ముఖ్యమైన జాగ్రత్తనొకదానిని తల్లిదండ్రులును ఎరిగియుండుట మేలు.

‘సి’ భాషలో ‘స్ట్రింగ్’ అనబడు అక్షరపంక్తికి తన పొడవు తెలియదు. బైట్లు వరుసగానుండి, సున్న విలువగల బైటుతో ముగియును. ‘స్టర్‌కాపీ’ అను ఆజ్ఞ చోటు చాలునా యని చూడదు. చాలనిచో ప్రక్కనున్న సమాచారముపై వ్రాసివేయును. 1988లో ‘మారిస్ వర్మ్’ అను ప్రోగ్రాము అనేక కంప్యూటర్లలో జొరబడిన మార్గములలో నొకటి, ‘గెట్స్’ అను ఆజ్ఞకుగల యిట్టి లోపమే. 2011 నాటి ‘సి’ ప్రమాణము దానిని తొలగించినది.

మన బాలుడు తన ఫైలునకు ‘తెలుగు’ అని పేరిడెననుకొందము. కంటికవి మూడక్షరములే. యూటీఎఫ్-8 పద్ధతిలో వానికి 18 బైట్లు, ముగింపు సున్నకు ఒకటి, వెరసి 19 కావలెను.

కావున ‘ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్’ అను ఆజ్ఞను వాడి, చోటు కొలతను ముందే తెలుపవలెను. అది తిరిగి యిచ్చు సంఖ్య ఆ కొలతకు సమానమైనను, మించినను పంక్తి తెగినదని యర్థము. తెగిన ఫైలుదారి వేరొక ఫైలునకు చేర్చవచ్చును. కావున పని అచ్చటనే నిలుపవలెను.

మీ బిడ్డ ప్రోగ్రాము చూపినపుడు, “చోటు కొలిచితివా? దారి తెగలేదు గదా?” అని యడుగుడు.