బండి మాట వినబడనప్పుడు



మధురై నుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారిపై విరుదునగరు, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా నున్నవి. అగ్గిపెట్టెలు, పప్పుదినుసులు, వేరుసెనగ మిఠాయి మోయు బండ్లు ఈ దారిని రేయింబవళ్ళు నడచుచుండును. వానిని బాగుచేయు పనివారిలో మన పాఠశాలలో చదివినవారును కలరు. వారిలో ఒకడు నాకు చెప్పిన సంగతియే ఈ పాఠమునకు మూలము.

ఒక చిన్న సరకుబండి ఇంజనులోని లోపమును కనుగొనుటకై దానికి కంప్యూటరును కలిపిరి. సంబంధము కుదరలేదని తెరపై ఆంగ్లవాక్యము కనబడెను. “బండిలోని ఇ.సి.యు. చెడినది, క్రొత్తది కొనవలెను” అని అచటివారు చెప్పిరి. యజమాని అప్పుచేయుటకు సిద్ధపడెను. మన విద్యార్థి మాత్రము, “ఇ.సి.యు. చచ్చినచో ఇంజను ఎట్లు నడచుచున్నది?” అని ఆలోచించి, అదే కేబులును మరియొక బండికి తగిలించి చూచెను. అచటను అదే వాక్యము! తరువాత మంచి కేబులును తెచ్చి మొదటి బండికి తగిలింపగా సంబంధము కుదిరెను. ‘ఆడలేక మద్దెల ఓడు’ అను సామెత మనమెరుగుదుము. ఇచ్చట మద్దెలయే ఓడు. నింద మాత్రము ఆడువానిపై పడినది.

ఇ.సి.యు. అనగా ఇంజనును నడిపించు చిన్న కంప్యూటరు. తాను గుర్తించిన లోపములను అది సంకేతములుగా దాచుకొనును. వానిని చదువు ఏర్పాటునకు ఓ.బి.డి. అని పేరు. అమెరికాలో 1996 నుండి కార్లకు దీని రెండవ తరగతి విధి యయ్యెను. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నియమములు అమలులోనికి వచ్చినవి. కార్లలో స్టీరింగు క్రింది భాగమున 16 పిన్నుల సాకెట్టు కనబడును. కేబులును తగిలించునది అచటనే.

సంబంధము కుదరనిచో ఈ క్రమమున పరీక్షింపవలెను.

మొదటిది విద్యుత్తు. ఇగ్నిషన్ తాళమును ‘ఆన్’ స్థానమునకు త్రిప్పుడు. సాకెట్టులో 16వ పిన్ను బ్యాటరీ ధనధ్రువమునకును, 4, 5 పిన్నులు ఋణధ్రువమునకును చెందినవి. మల్టీమీటరుతో కొలిచినచో వాని నడుమ సుమారు 12 వోల్టులుండవలెను. ఏమియు లేనిచో ఫ్యూజును చూడుడు. మీటరు కొనలు ఒకదానినొకటి తాకరాదు. పెద్ద లారీలలో 24 వోల్టులుండును. 12 వోల్టులకే చేసిన కేబులును వానికి తగిలించినచో అది కాలిపోవచ్చును.

రెండవది కేబులునకును కంప్యూటరునకును గల సంబంధము. కొన్ని కేబుళ్ళ దీపము కంప్యూటరు విద్యుత్తుతోనే వెలుగును; కావున దీపము వెలిగినంతనే బండితో సంబంధము కుదిరినదని తలపరాదు. విండోస్‌లో డివైస్ మేనేజరును తెరచి, ‘పోర్ట్స్’ అను శీర్షిక క్రింద చూడుడు. పసుపు త్రికోణము కనబడినచో సాధారణముగా డ్రైవరు లోపము. ఈ డ్రైవరు బండిని తోలువాడు కాడు. కేబులులోని చిప్పు మాటను కంప్యూటరునకు తెలుపు ప్రోగ్రాము. ఆ చిప్పునకు తగిన డ్రైవరునే ఎక్కింపవలెను.

మూడవది పోర్టు సంఖ్య, వేగము. డివైస్ మేనేజరులో ‘కామ్ 5’ అని యున్నచో సాఫ్ట్‌వేరులోను అదే సంఖ్యను ఎన్నుకొనవలెను. బాడ్ రేటు, అనగా మాటల వేగము, రెండువైపుల ఒకటే కావలెను. ఒక పోర్టును ఒక ప్రోగ్రాము పట్టుకొని యున్నప్పుడు సాధారణముగా రెండవదానికి అది దొరకదు. కావున తక్కినవానిని మూయుడు.

నాల్గవది భాష. మనకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, తెరమీద ఆంగ్లము. ఎదుటివాని భాష తెలియక మాటాడినచో ఫలమేమి? బండ్లకును అట్లే. కొన్ని 7వ పిన్నుపై కె-లైను ద్వారా మాటాడును; క్యాన్ పద్ధతివి 6, 14 పిన్నులపై మాటాడును. సాఫ్ట్‌వేరులో ఆ పద్ధతినే ఎన్నుకొనవలెను.

ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చి చూడుడు. రెండింటిని కలిపి మార్చినచో ఏది లోపమో తెలియదు.

సంబంధము కుదిరిన పిమ్మటను తొందర కూడదు. పి0113 అను సంకేతము వచ్చినదనుకొందము. లోనికి వచ్చు గాలి వేడిని కొలుచు సెన్సారు తీగమార్గమున వోల్టేజి మితిమీరినదని దాని అర్థము. సెన్సారు చెడినను, దాని తీగ ఊడినను అదే సంకేతము వచ్చును. కావున కొనుటకు ముందు తీగను చూడవలెను. సంకేతమును చెరిపివేయుటకు ముందు పుస్తకమున వ్రాసికొనవలెను.

పనివాని అజాగ్రత్తకు వెల చెల్లించువాడు బండి యజమాని. అప్పుచేసి బండి కొన్నవారు మన యిండ్లలోనే ఎందరో కలరు. యంత్రమును నిందించుటకు ముందు మన సాధనమును పరీక్షించుట విద్య మాత్రమే కాదు, ధర్మము కూడ.

అభ్యాసము: ఒక కేబులు రెండు బండ్లతో మాటాడినది, మూడవ బండితో మాటాడలేదు. లోపమును ఎచ్చట, ఏ క్రమమున వెదకవలెను? కారణములతో వ్రాయుడు.