చేతిలో ఆట టీవీ ఎక్కితే

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ప్లేస్టేషన్ వీటా అని ఒక చేతి గేమ్ ఉండేది. దాని తెర ఐదు అంగుళాలు, వెడల్పు సుమారు 11 సెంటీమీటర్లు. చేతిలో పట్టుకుంటే కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మన ఇళ్ళల్లో మామూలుగా కనపడే 32 అంగుళాల టీవీ వెడల్పు 71 సెంటీమీటర్లు. మంచం మీద కూర్చుని చూస్తే ఎనిమిది అడుగుల దూరం, అంటే 244 సెంటీమీటర్లు. ఇప్పుడు రెండింటికీ వెడల్పుని దూరంతో భాగించండి. చేతి తెరకి 0.37 వస్తుంది, టీవీకి 0.29.

అంటే టీవీలో బొమ్మ మన కంటికి పెద్దగా కాదు, చిన్నగా కనపడుతోంది! ఆరు రెట్లకి పైగా వెడల్పున్న తెర పెట్టుకుని, దానికి వైరు తగిలించి, చివరికి అక్షరాలు చదవడానికి కళ్ళు చిట్లించుకోవాలన్నమాట.

మరి అంత కష్టపడి చేతిలో ఆటని టీవీకి ఎక్కించడం ఎందుకు అంటే, మన వైపు ఆటంటే పదిమంది చుట్టూ ఉంటేనే ఆట. పల్నాటి కథలో బాలచంద్రుడి బొంగరం దగ్గర్నుంచి సంక్రాంతి కోడిపందెం దాకా ఒక్కడే మూల కూర్చుని ఆడింది ఏదీ లేదు. చేతి గేమ్ మాత్రం ఆడేవాడికి తప్ప పక్కవాడికి కనపడదు. తమ్ముడు భుజం మీదకి ఎక్కి చూడాల్సిందే. టీవీకి పెడితే ఇల్లంతా చూస్తుంది (అమ్మ సీరియల్ టైం కాకపోతే).

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ గోలేంటి అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే. ఇది అనువాదం గురించిన వ్యాసం. ఒక తెర కోసం రాసిన దాన్ని ఇంకో తెర మీద చదివించడం ఎంత కష్టమో చూద్దాం.

కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళినవాళ్ళకి పిక్సెల్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. శివరాత్రికి వచ్చే కరెంటు ప్రభ కిందే నిలబడి తలెత్తి చూస్తే బల్బులు కనపడతాయి, బొమ్మ కనపడదు. దూరంగా వెళ్ళి చూస్తే బొమ్మ కనపడుతుంది, బల్బులు కనపడవు. తెర కూడా అంతే. ఎన్ని చుక్కలు ఉన్నాయి, మనం ఎంత దూరంలో ఉన్నాం, ఈ రెండూ కలిస్తేనే బొమ్మ. తిరునాళ్ళ కొట్లలో అమ్మే బ్రిక్ గేమ్ గుర్తుందా? దాని ఆట స్థలం అడ్డం 10 గళ్ళు, నిలువు 20 గళ్ళు. మొత్తం 200. ఒక ప్రభ మీద 200 బల్బులు మనకిస్తే దాని మీదే ఆడేసుకోవచ్చు!

అసలు కథకి వద్దాం. సోనీ కంపెనీ 2013 నవంబర్ 14న జపాన్‌లో వీటా టీవీ అనే పెట్టె తెచ్చింది. మరుసటి ఏడాది అక్టోబర్ 14న అదే అమెరికాలో ప్లేస్టేషన్ టీవీ పేరుతో వచ్చింది. అక్కడ ధర వంద డాలర్లకి ఒక సెంటు తక్కువ. పెట్టె ఎంతంటే, 10.5 సెంటీమీటర్ల పొడవు, 6.5 వెడల్పు. అగ్గిపెట్టె కన్నా పెద్దది, మన ల్యాబ్ రికార్డులో పావు వంతు కూడా ఉండదు. బరువు 110 గ్రాములు. లోపల ఉన్నది వీటాలో ఉన్న సరంజామానే, తెర మాత్రం తీసేశారు. వీటా కార్డు దూర్చి, హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టి, ప్లేస్టేషన్ కంట్రోలర్ పట్టుకుంటే ఆట మొదలు.

చిక్కు కూడా అక్కడే మొదలు. వీటా తెర 960×544 చుక్కలు. పెట్టె టీవీకి పంపేది 720పీ, అంటే 1280×720. 960ని 1280 చేయాలంటే మూడింట నాలుగు రెట్లు, 1.33. అదే లెక్కన 544ని పెంచితే 725 చిల్లర వస్తుంది, 720లో పట్టదు. ఆ ఐదు వరుసల సంగతి వదిలేద్దాం. అసలు బాధ ఆ 1.33తోనే. మూడు చుక్కల్ని నాలుగు చోట్లలో కూర్చోబెట్టాలి. ఒక చుక్కని రెండుసార్లు వేస్తే, ఒకే మందం ఉండాల్సిన రెండు గీతల్లో ఒకటి సన్నగా, ఒకటి లావుగా వస్తుంది. అలా కాకుండా పక్క చుక్కల రంగులు కలిపేస్తే మందం సరిపోతుంది గానీ అంచులు అలుక్కుపోతాయి. మూడో దారి లేదు. గ్రాఫిక్స్ క్లాసులో నియరెస్ట్ నైబర్, బైలీనియర్ అని చెప్పేది ఈ రెండు దార్ల గురించే.

ఇంతటితో అయిపోలేదు. మన 32 అంగుళాల టీవీల్లో హెచ్‌డీ రెడీ అని రాసి ఉన్నవాటికి సాధారణంగా ఉండేది 1366×768 తెర. పెట్టె 720 వరుసలు పంపితే టీవీ వాటిని మళ్ళీ 768కి సాగదీస్తుంది. జిరాక్స్ కాపీకి మళ్ళీ జిరాక్స్ తీసినట్టు.

పాతవాటిని చూస్తే ఈ బాధ తప్పని రాత కాదనిపిస్తుంది. నింటెండో గేమ్ బాయ్ తెర 160×144. దాన్ని సరిగ్గా ఐదు రెట్లు పెంచితే 800×720. నిలువు 720, ఒక్క చుక్క తేడా లేదు! ప్రతి చుక్కా 5×5 చదరం అవుతుంది, అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. పీఎస్‌పీ తెర 480×272. రెండింతలు చేస్తే అచ్చంగా వీటా తెర. అందుకే పీఎస్‌పీ ఆటలు వీటాలో శుభ్రంగా కనపడతాయి. వీటాని రెండింతలు చేస్తే 1920×1088. ఫుల్ హెచ్‌డీ కన్నా ఎనిమిది వరుసలే ఎక్కువ. పైన నాలుగు, కింద నాలుగు కోసేస్తే సరిపోయేది. కానీ ఆ పెట్టె 720పీ, 1080ఐ దాకానే వెళ్ళింది, 1080పీ ఇవ్వలేదు. నాకైతే ఇది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అంతకు ముందు 1994లో నింటెండో ఇంకా తెలివైన పని చేసింది. సూపర్ గేమ్ బాయ్ అని ఒక క్యాసెట్ (కార్ట్రిడ్జ్‌ని మనం అనేది ఆ మాటే కదా). గేమ్ బాయ్ సరంజామా ఆ క్యాసెట్‌లోనే పెట్టి, దాన్ని సూపర్ నింటెండోలో దూర్చమన్నారు. సూపర్ నింటెండో బొమ్మ 256×224. గేమ్ బాయ్ బొమ్మని సాగదీయకుండా ఉన్నదున్నట్టు మధ్యలో పెట్టి, అటూ ఇటూ 48 చుక్కలు, పైనా కిందా 40 చుక్కలు మిగిలితే అక్కడ ఒక అంచు బొమ్మ వేశారు. దేవుడి బొమ్మకి పటం కట్టినట్టు. కొన్ని ఆటల వాళ్ళు తమ అంచు తామే గీసి పెట్టారు. మూలాన్ని ముట్టుకోకుండా చుట్టూ వ్యాఖ్యానం రాయడమన్నమాట. మన పాత టీకా గ్రంథాల పద్ధతి!

అయితే ఆ క్యాసెట్‌కీ ఒక దోషం ఉంది. గేమ్ బాయ్ గడియారం సెకనుకి 41.9 లక్షల టిక్కులు కొడుతుంది. ఈ క్యాసెట్ సొంత గడియారం పెట్టుకోకుండా సూపర్ నింటెండో గడియారాన్ని ఐదుతో భాగించి వాడుకుంది, 42.9 లక్షలు వచ్చింది. అమెరికా, జపాన్ మెషీన్లలో ఆట 2.4 శాతం వేగంగా నడిచేది. పది నిమిషాల ఆట 14 సెకన్లు ముందే అయిపోతుంది, పాట కూడా కాస్త పై శ్రుతిలో వినపడుతుంది. 1998లో జపాన్‌లో వచ్చిన రెండో రకంలో సొంత క్రిస్టల్ పెట్టి దీన్ని సరిచేశారు.

ఇప్పుడు అక్షరాల దగ్గరకి రండి, నేను రాయాలనుకున్నది అసలు ఇది. గేమ్ బాయ్ తెరని 8×8 గళ్ళ పలకలుగా కడతారు. అడ్డం 20, నిలువు 18. ఇంగ్లీషు అక్షరం ఒక పలకలో హాయిగా పడుతుంది. జపాన్ వాళ్ళకి కంజీ పట్టదు కాబట్టి 1996లో వచ్చిన మొదటి పోకెమాన్ ఆటలు మొత్తం కానా లిపిలోనే రాసుకున్నారు. మరి తెలుగు? ‘క’ ఎలాగోలా పడుతుంది. ‘స్త్రీ’ రాసి చూడండి. పైన గుడి దీర్ఘం, మధ్యలో సకారం, కింద తవత్తు, ఎడం పక్కనుంచి చుట్టుకొచ్చే క్రారావడి. గళ్ళ కాగితం మీద వేస్తే నాకు అడ్డం 16, నిలువు 20 గళ్ళ కన్నా తక్కువలో కుదరలేదు. ఆ లెక్కన గేమ్ బాయ్ తెర మీద వరుసకి పది అక్షరాలు, మొత్తం ఏడు వరుసలు. ఒక ఆటవెలది పడితే గొప్ప.

వీటా తెరలో ఆ ఇబ్బంది లేదు, అదే సైజుకి వరుసకి 60 అక్షరాలు, 27 వరుసలు వస్తాయి. కానీ ఆ 1.33 సాగదీత గుర్తు చేసుకోండి. తెలుగులో ‘ద’కీ ‘ధ’కీ, ‘బ’కీ ‘భ’కీ తేడా ఒక చిన్న గీత. రంగులు కలిపేసే పద్ధతిలో ముందు అలుక్కుపోయేది ఆ గీతే. పైగా అది ఎనిమిది అడుగుల అవతల, చేతిలో కన్నా చిన్నగా. ‘బాధ’ కాస్తా ‘బాద’ అవుతుంది. ఇంగ్లీషు ఆటలో సాగదీస్తే అందం పోతుంది, తెలుగు ఆటలో సాగదీస్తే అర్థం పోతుంది. మన క్లబ్‌లో ఎవరైనా రేపు తెలుగులో కథ చెప్పే ఆట చేయాలనుకుంటే, ముందు ఆలోచించాల్సింది కథ కాదు, వత్తు ఎన్ని గళ్ళు తింటుందనేది. నింటెండో స్విచ్ 2017లో వచ్చినప్పట్నుంచి ఒకే ఆట చేతిలోనూ టీవీలోనూ ఆడతారు కాబట్టి, ఆట తయారుచేసేవాళ్ళు రెండు దూరాలకీ సరిపడే అక్షరం మొదట్నుంచీ ఎంచుకోవాల్సి వస్తోంది. దాని తెర 1280×720, టీవీకి పెడితే 1080 దాకా వెళుతుంది. ఫోన్ స్క్రీన్‌ని వైఫైలో టీవీకి పంపి ఆడదామనుకుంటే మాత్రం, మీరు నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం ముందే చూసుకోండి. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లే.

బొమ్మ అనువాదం ఎలా ఉన్నా నడిచిపోతుంది. స్పర్శ అనువాదం కష్టం. వీటాకి ముందు టచ్ తెర, వెనక టచ్ పలక ఉన్నాయి. పెట్టెకి ఏ టచ్చూ లేదు. కంట్రోలర్ పుల్లని లోపలికి నొక్కితే తెర మీద ఒక గుర్తు వస్తుంది, దాన్ని జరిపి వేలు అనుకోమన్నారు. టేరవే అనే ఆట ఉంది, 2013లో మీడియా మాలిక్యూల్ వాళ్ళది. వెనక పలక మీద వేలు నొక్కితే మన వేలే ఆటలో కాగితం చించుకుని లోపలికి వస్తుంది! అది ఈ పెట్టెలో ఆడదు. దాన్ని వాళ్ళు 2015లో పీఎస్4 కోసం మళ్ళీ కొత్తగా తయారుచేశారు. అనువాదం కుదరనప్పుడు అనుసృజన చేసినట్టు.

ఇంతవరకూ సాంకేతిక కారణం ఉంది, ఒప్పుకుందాం. కానీ పెట్టెలో ఒక అనుమతుల జాబితా పెట్టారు. అందులో పేరుంటేనే ఆట తెరుచుకుంటుంది. టచ్ పెద్దగా అవసరం లేని ఆటలు కూడా చాలా అందులో లేవు. 2015లో కొందరు ఔత్సాహికులు ఆ జాబితాని మార్చే దారి కనుక్కుంటే, ఆడవన్నవాటిలో చాలా ఆటలు బాగానే ఆడాయి. అంటే మెషీన్‌కి చేతకాక కాదు, ఆడనివ్వక. అనువాదకుడు ‘ఈ పద్యం కుదరలేదు’ అంటే అర్థం చేసుకుంటాం. ప్రయత్నించకుండానే పుస్తకం అల్మారాలో పెట్టి తాళం వేస్తే ఏమనాలి? కొనేవాడు తన దగ్గరున్న ఆటల్లో ఏది ఆడుతుందో ముందు జాబితా చూసుకోవాలి. అట్లాంటి పెట్టె ఎవరు కొంటారు? 2016 మొదటికల్లా అమ్మకాలు ఆపేశారు.

తర్వాత 2021 మార్చిలో వీటా ఆన్‌లైన్ దుకాణం కూడా మూసేస్తామని సోనీ ప్రకటించింది. జనం గొడవ చేస్తే ఏప్రిల్‌లో ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. పెట్టెలో సొంత నిల్వ ఒక జీబీయే. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా చౌకగా ఇస్తామంటే, పెట్టె కన్నా ముందు మెమరీ కార్డు ఉందా, అది వీటా సొంత రకం కార్డేనా అని అడగండి. మామూలు ఎస్‌డీ కార్డు అందులో దూరదు.

పెట్టె లేకపోయినా ఈ పాఠం మీ పాత ల్యాప్‌టాప్‌తో చేసి చూడొచ్చు. ఎంజీబీఏ అనే ఎమ్యులేటర్ ఉచితం. ఔత్సాహికులు సొంతంగా రాసి ఉచితంగా ఇచ్చే గేమ్ బాయ్ ఆటలు దొరుకుతాయి, దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు. హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టండి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ వేయండి, ఆలస్యం తగ్గుతుంది. బొమ్మ అంచులు తెగిపోతుంటే జస్ట్ స్కాన్ లాంటి పేరుతో ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది కూడా. ఎమ్యులేటర్‌లో పూర్ణాంకాల స్కేలింగ్ ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, రెండుసార్లూ అక్షరాల అంచులు చూడండి. తర్వాత మంచాన్ని ముందుకి జరపండి. మన మొదటి లెక్క ప్రకారం 32 అంగుళాల టీవీకి ఆరు అడుగుల మూడు, నాలుగు అంగుళాల దగ్గర కూర్చుంటే వీటా చేతిలో ఉన్నప్పటి సైజు వస్తుంది.

ఇక గళ్ళ కాగితం పని. 16×20 గళ్ళలో ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘బాధ’, ‘భార్య’ వేయండి, పూర్తి గడి నింపాలి, సగం గడి ఒప్పుకోం. ఎవరైనా ఇంతకన్నా తక్కువ గళ్ళలో చదవగలిగేలా వేస్తే ఫొటో తీసి క్లబ్ గ్రూపులో పెట్టండి. క్రారావడి దగ్గరే అందరూ ఆగిపోతారని నా పందెం.